1903లో పెట్టిన కిటికీల కంపెనీ ఇంకా పార్టులు ఇస్తోంది, మన దగ్గర పదేళ్ళకే మనిషి మాయం. ఎందుకిలా?

పద్మారావునగర్_మూడో_అంతస్తు అడుగుతున్నారు:

మా అక్కావాళ్ళు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటారు. వాళ్ళు కొనుక్కున్న ఇల్లు 1980ల్లో కట్టినది. ఈమధ్య వంటింటి కిటికీకి తిప్పే హ్యాండిల్ పాడైంది. అక్కడి కిటికీలు కొన్ని చేత్తో తోస్తే తెరుచుకోవు, కింద చిన్న మర లాంటిది తిప్పాలి. అక్క గాజు మూలన చిన్నగా అచ్చేసి ఉన్న అక్షరాల్ని ఫొటో తీసి పంపితే, ఆ కిటికీ ఏ రకమో, గాజు ఏ ఏడాదిదో కంపెనీవాళ్ళే చెప్పి పార్టు పంపారు. కంపెనీ పేరు ఆండర్సన్, 1903 నుంచీ ఉందట.

ఇక మా కథ వినండి. యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ స్లైడింగ్ కిటికీలు పెట్టించి పదేళ్ళు కూడా కాలేదు. హాల్లో ఒక రెక్క కదలట్లేదు, కింద చక్రం అరిగినట్టుంది. పెట్టినాయన షాపుకి వెళ్తే అక్కడ ఇప్పుడు బిర్యానీ పాయింట్ ఉంది, ఫోన్ కలవదు. వేరేవాళ్ళని పిలిస్తే ఒకటే మాట, "ఆ సిస్టం ఇప్పుడు రావట్లేదు సార్, మొత్తం మార్చేద్దాం."

ఆ ఆండర్సన్ వాళ్ళు అసలు ఎలా మొదలయ్యారు, ఇన్నేళ్ళు ఎలా నిలిచారు? మన దగ్గర ఎందుకు అలా ఉండదు? ఈ లైన్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్తే బావుంటుంది. చక్రం సంగతి కూడా చెప్తే మీకు పుణ్యముంటుంది.

---

ఉప్పల్_వడ్లాయన_కొడుకు:

అన్నా, మా నాయిన చేసిన టేకు కిటికీలు మా ఇంట్ల ఇప్పటికీ ఉన్నయ్. వానకాలం రెక్క ఉబ్బి పట్టుకుంటది, గంతే. జర రందా కొడితే మల్ల సక్కగైతది. గా ప్లాస్టిక్ కిటికీలు ఎవరు పెట్టుకోమన్నరు? ఇప్పుడు బల్లార్షా టేకు ధర అడిగితే గుండె ఆగుతది, అది వేరే ముచ్చట.

---

బాలానగర్_ఫ్రేములు:

ఈ లైన్లో నాకు ఇరవై ఏళ్ళు దాటింది. మొదట ఇనప కిటికీలు, తర్వాత అల్యూమినియం, ఇప్పుడు యూపీవీసీ. కాస్త పొడుగ్గా రాస్తాను. ఓపిక లేనివాళ్ళు చక్రం సంగతి కిందికెళ్ళి చూసుకోండి.

ముందు ఉప్పల్ తమ్ముడికి. మీ నాయన రెక్కకి వేసిన మడత బందులు నాలుగంగుళాలవి అయ్యుంటాయి. ఇవాళ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ షాపుకెళ్ళినా అవి దొరుకుతాయి, పాత చిల్లుల్లోనే స్క్రూలు పడతాయి. మీ కిటికీ ఇంకా బతికుందంటే అది మొదటి కారణం. టేకు రెండోది. కోప్పడకు.

ఆండర్సన్ వాళ్ళ కథ కూడా ఆ ఖాయం సైజుల దగ్గరే మొదలవుతుంది. అందరూ అనుకునేది ఏమిటంటే వాళ్ళు మంచి కిటికీ ఒకటి కనిపెట్టి పెద్దవాళ్ళయ్యారని. మొదట్లో వాళ్ళు కిటికీలే చేయలేదు. హాన్స్ ఆండర్సన్ డెన్మార్క్ నుంచి వలస వచ్చిన మనిషి, కలప వ్యాపారి. 1903లో విస్కాన్సిన్ రాష్ట్రంలో హడ్సన్ అనే ఊళ్ళో, సెయింట్ క్రోయ్ నది పక్కన, ఇంటివాళ్ళతో కలిసి ఆండర్సన్ లంబర్ కంపెనీ పెట్టాడు. పేరులోనే ఉంది, కలప అడితి. పై అడవుల్లో కొట్టిన పైన్ దుంగలు ఆ నది మీదే కిందికి కొట్టుకొచ్చేవి.

అప్పట్లో అక్కడ కూడా కిటికీ చట్రం సైటు మీదే తయారయ్యేది. కలప దించాలి, వడ్రంగి కొలత తీయాలి, కోయాలి, చిత్రిక పట్టాలి, బిగించాలి. హాన్స్ చేసిన పని ఏమిటంటే, చట్రం ముక్కల్ని కొన్ని ఖాయమైన సైజుల్లో మిల్లులోనే కోయించి, నిలువు ముక్కలు ఒక కట్టగా, అడ్డ ముక్కలు ఇంకో కట్టగా కట్టి కలప డిపోలకి అమ్మడం. దీన్ని రెండు కట్టల పద్ధతి అంటారు.

ఇందులో ఏముంది అనిపిస్తుంది. డిపోవాడి కుర్చీలో కూర్చుని లెక్కేయండి. నాలుగు వెడల్పులు, ఐదు ఎత్తులు అనుకుందాం. బిగించిన చట్రాలు పెట్టుకోవాలంటే 20 రకాలు పెట్టుకోవాలి. కట్టలైతే? నాలుగు రకాల అడ్డ కట్టలు, ఐదు రకాల నిలువు కట్టలు, మొత్తం 9. తొమ్మిది రకాల సరుకు పెట్టుకుని 20 సైజులు అమ్మొచ్చు. జాగా తక్కువ, ఇరుక్కునే డబ్బు తక్కువ, లారీలో గాలి మోసుకెళ్ళే పని లేదు. కొన్న మేస్త్రీ సైటు మీద పది నిమిషాల్లో మేకులు కొట్టేసుకుంటాడు. ప్రతి నెలా గోడౌన్ అద్దె కట్టేవాడికి ఈ లెక్క విలువ తెలుస్తుంది. నాకైతే ఆ కంపెనీ మొత్తం చరిత్రలో ఇంతకంటే తెలివైన పని కనిపించదు. తర్వాత తెచ్చిన కొత్త మెటీరియళ్ళన్నీ తెలివిలో దీని వెనకే.

రెక్కలూ గాజూ అప్పట్లో వేరేవాళ్ళు చేసేవారు. చట్రం, రెక్క, గాజు అన్నీ కలిపి పూర్తి కిటికీగా ఆండర్సన్ వాళ్ళు అమ్మింది 1932లో, పక్కకి తెరుచుకునే కేస్‌మెంట్ కిటికీ. అంటే దాదాపు ముప్పై ఏళ్ళు వట్టి చట్రాల మీదే బతికారు. మన దగ్గర షెడ్డు పెట్టిన రోజే బోర్డు మీద "కిటికీలు, తలుపులు, షవర్ క్యూబికల్స్, మాడ్యులర్ కిచెన్, దోమ జాలీలు" అని రాయిస్తాం.

మిగతావి గబగబా చెప్తా. 1913లో నది దాటి మిన్నెసోటా ఒడ్డుకి మారారు. ఆ ఊరి పేరు తర్వాత బేపోర్ట్ అయింది, కంపెనీ ఇప్పటికీ అక్కడే. 1914లో పనివాళ్ళకి లాభాల్లో వాటా పంచడం మొదలుపెట్టారు, ఆ ఏడాదే హాన్స్ చనిపోయాడు, కొడుకులు నడిపారు. 1966లో పర్మా-షీల్డ్ వచ్చింది. లోపల చెక్క, పైన వినైల్ తొడుగు. చెక్క బలం ఉంటుంది, ప్రతి కొన్నేళ్ళకీ పెయింటు వేసే బాధ ఉండదు. 1990ల్లో ఫైబ్రెక్స్ అని చెక్కపొట్టునీ ప్లాస్టిక్కునీ కలిపి పోసిన సరుకు తెచ్చారు.

1995 దగ్గర మాత్రం ఆగాలి. ఆ ఏడాది రెన్యువల్ బై ఆండర్సన్ అని వేరే విభాగం పెట్టారు. అంతవరకూ వాళ్ళు సరుకు డిపోలకి అమ్మేవాళ్ళు, కొత్త ఇల్లు కట్టేవాళ్ళు కొనేవాళ్ళు. ఇది అలా కాదు. పాత ఇంట్లో పాత కిటికీ పీకి కొత్తది పెట్టే వ్యాపారం. మనిషి ఇంటికొస్తాడు, టేపు పెట్టి కొలుస్తాడు, ఆ కన్నానికి సరిపడా చేయించి, మనుషుల్ని పంపి బిగిస్తారు. చూశారా తమాషా? ఖాయం సైజుల మీద పెరిగిన కంపెనీ, తొంభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రతి ఇంటికీ వేరే కొలత తీసుకునే దగ్గరికి వచ్చింది. తప్పదు, పాత గోడ మన మాట వినదు. కాకపోతే ఆ కొలతంతా వాళ్ళ పేరు మీదే జరుగుతుంది, కాగితం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాద్‌కి రండి. ఈమధ్య కొంపల్లిలో ఒక ఇంటికి కొలతకెళ్ళాను. ప్లాన్‌లో "నాలుగు బై నాలుగు" అని ఉంది, అంటే 1219 మి.మీ. ఉండాలి. పైన టేపు పెడితే 1218. బాగానే ఉంది. మధ్యలో 1210. కింద, గ్రానైట్ పట్టీ దగ్గర 1196. మూల నుంచి మూలకి కొలిస్తే రెండు కర్ణాలకీ తేడా ఉంది. మేస్త్రీని అడిగితే "లప్పంలో కలిసిపోద్ది సార్" అన్నాడు. గోడకి పూసే ఆ పుట్టీలో ఎన్ని కలుస్తాయో ఈ ఊళ్ళో! చివరికి అన్నిటికంటే చిన్న కొలత పట్టుకుని, అటూ ఇటూ ఐదేసి మిల్లీమీటర్లు వదిలి, ఫ్రేము 1186కి కోశాం. ఆ 1186 ఫ్రేముకి చేసిన రెక్క ఈ భూమ్మీద ఇంకే కిటికీకీ పట్టదు. పక్క గదిలో ఉన్న "నాలుగు బై నాలుగు"కి కూడా పట్టదు. నేను రేపు షెడ్డు మూసేస్తే ఆ కొలత రాసుకున్న నోటుబుక్కు కూడా నాతోనే పోతుంది.

ఇంకో సంగతి, మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే అనుకుంటా. మీ కిటికీ మీద స్టిక్కర్ వేసినాయన దాన్ని "తయారు" చేయలేదు. యూపీవీసీ ప్రొఫైల్ (ఫ్రేముకీ రెక్కకీ కోసే పొడుగాటి కర్ర; ఒక కంపెనీ ప్రొఫైళ్ళ వరసనే సిస్టం అంటాం) తీసేది ఒక కంపెనీ. ఆరేడు మీటర్ల కర్రలుగా మా దగ్గరికొస్తుంది. మేం నలభై ఐదు డిగ్రీల్లో కోసి, లోపల జీఐ స్టీలు (జింకు పూత వేసిన ఇనుము) దూర్చి, మూలలు వేడి ప్లేటుకి ఆనించి కరిగించి అతికిస్తాం. చక్రాలూ తాళాలూ ఇంకొకరివి. గాజు ఇంకొకరిది. మేం మధ్యలో అతికేవాళ్ళం. పోయింది అతికేవాడు. ప్రొఫైల్ కంపెనీ ఎక్కడికీ పోయి ఉండదు. మన హైదరాబాద్ ఎన్‌సీఎల్ గ్రూపు జర్మనీ వెకాతో జట్టు కట్టింది, ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

చక్రం. రెక్కని ఇద్దరు పట్టుకుని నిలువుగా పైకెత్తి, కింది అంచుని లోపలికి లాగితే ట్రాక్‌లోంచి బయటికొస్తుంది. పైన ఎత్తకుండా ఆపే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండొచ్చు, ముందు దాని స్క్రూ తీయండి. లోపలి రెక్క మాత్రమే. మూడో అంతస్తంటున్నారు, బయటి రెక్క జోలికి పోకండి, దానికి మనిషిని పిలవండి. తీశాక రెండు పనులు చేయండి. ఒకటి, కింది అడ్డ ముక్కలో రెండు చక్రాలుంటాయి, విప్పి తీసి సరుకే చేత్తో పట్టుకుని రాణిగంజ్ వెళ్ళండి. ఫొటో చూపిస్తే పనవదు. ఒక చక్రమా జంట చక్రమా, గాడి లోతెంత, చక్రం కూర్చునే పెట్టె వెడల్పెంత, ఈ మూడూ కలవాలి. రెండు, ఫ్రేము గాడి లోపల పాత టూత్ బ్రష్‌తో దుమ్ము తీసి టార్చి వేసి పక్క నుంచి చూడండి. సన్నటి ప్రింటు వరస ఒకటి కనిపిస్తుంది, ప్రొఫైల్ కంపెనీ పేరు, నంబర్లు. మీ అక్క గాజు మూలన చూసింది ఏదో, మీది అక్కడ ఉంటుంది. అది పట్టుకుని ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఈ ఊళ్ళో ఇంకెవరు ఆ సిస్టం చేస్తున్నారో చెప్తారు.

ఆయిల్ మాత్రం పోయకండి. మన దుమ్ముకి రెండు వారాల్లో ముద్దవుతుంది.

---

మంచులో_మల్లెపల్లి:

నేను మిన్నియాపొలిస్ పక్కనే ఉంటాను కాబట్టి రెండు ముక్కలు. ఇక్కడ అంతా స్వర్గం అనుకోకండి. రెండు గాజుల మధ్య సీలు పోతే లోపల ఆవిరి పట్టి తెల్లగా అయిపోతుంది, ఏ కంపెనీదైనా సరే. వారంటీ కాగితం చిన్నక్షరాలు చదవాల్సిందే. కిటికీలన్నీ మార్చడానికి మాకొచ్చిన కోట్ చూసి మా ఆయన "ఈ డబ్బుకి ఘట్‌కేసర్‌లో ప్లాటొచ్చేది" అన్నాడు.

గాజు మూలన అచ్చు గురించి ఒక జాగ్రత్త. అది గాజుకి సంబంధించింది. ఎప్పుడో పగిలి గాజు ఒక్కటే మార్చి ఉంటే అందులో ఏడాది వేరు, చట్రం వయసు వేరు.

ఇంకొకటి. మీరు దోమ జాలీల మీద జోకేశారు గానీ, మా పక్క రాష్ట్రం అయోవాలో పెల్లా అని ఆండర్సన్ అంత పేరున్న కిటికీల కంపెనీ ఉంది. అది మొదలైందే జాలీతో! 1925లో పీట్ కైపర్, లూసిల్ కైపర్ అనే భార్యాభర్తలు రోల్‌స్క్రీన్ అనే దాంట్లో డబ్బు పెట్టారు. బ్లైండ్‌లా పైకి చుట్టుకుపోయే పురుగుల జాలీ. చాలాకాలం కంపెనీ పేరే రోల్‌స్క్రీన్, పెల్లా అనేది వాళ్ళ ఊరి పేరు. ఇక్కడి దోమలు చూస్తే ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మూసీ దోమలు చిన్నపిల్లలు వీటి ముందు.

---

బాలానగర్_ఫ్రేములు:

పెల్లా సంగతి బాగా గుర్తుచేశారమ్మా. ఇక్కడా యూపీవీసీని సగం అమ్మింది జాలీయే. టేకు కిటికీకి జాలీ రెక్క పెట్టాలంటే లోపలికి తెరవాలి, కర్టెన్‌కి అడ్డం. స్లైడింగ్‌లో మూడో ట్రాక్ మీద జాలీ జరిగిపోతుంది. కస్టమర్ గాజు మందం అడగడు, స్టీలు అడగడు. "జాలీ వస్తదా?" ఇదే మొదటి ప్రశ్న.

---

రిటైర్డ్_జేఈ_మలక్‌పేట:

బాలానగర్ వారు అన్నదానికి చిన్న చేర్పు. మన దేశంలో ఖాయం సైజులు లేవని కాదు. ఇనప తలుపులు, కిటికీలు, వెంటిలేటర్లకి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1038 ఉంది. అందులో సైజులు 100 మి.మీ. మాడ్యూలు లెక్కన నడుస్తాయి, అంటే ప్రతి కొలతా వంద మిల్లీమీటర్ల మెట్లలో పెరుగుతుంది. కిటికీ పేరులోనే వెడల్పు ఎన్ని మాడ్యూళ్ళో, ఎత్తు ఎన్ని మాడ్యూళ్ళో అంకె రూపంలో ఉంటుంది. పాత గవర్నమెంటు క్వార్టర్స్‌లో సన్నటి ఇనప చట్రం, లోపల పుట్టీతో బిగించిన గాజు, తెరిచిన రెక్కని ఆపడానికి చిల్లుల పట్టీ లాంటి స్టే ఉండే కిటికీలు చూసే ఉంటారు. మేం టెండర్లో ఆ నంబరు రాస్తే చాలు, డ్రాయింగు అక్కర్లేదు.

ఆ ఇనప కిటికీ వంశం ఇంగ్లండుది. ఎసెక్స్‌లో బ్రెయిన్‌ట్రీ అనే ఊళ్ళో క్రిటాల్ కుటుంబం 1849లో ఇనప సామాన్ల దుకాణం కొన్నది, 1884 నుంచి లోహపు కిటికీలు చేశారు. తర్వాత పనివాళ్ళ కోసం సిల్వర్ ఎండ్ అని ఊరే కట్టారు. బ్రిటిష్‌వాళ్ళు ఎక్కడెక్కడ బిల్డింగులు కట్టారో అక్కడికల్లా ఆ కిటికీ వెళ్ళింది. ప్రైవేటు ఇళ్ళలో మాత్రం మాడ్యూలు మాట ఎవరికీ పట్టలేదు. వాస్తు ప్రకారం రెండంగుళాలు తగ్గించమంటే అక్కడికక్కడే తగ్గించేస్తారు.

---

బాలానగర్_ఫ్రేములు:

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నేను నేర్చుకున్నది ఆ నంబర్ల కిటికీల మీదే. మా మొదటి ఓనరు గోడ మీద సున్నంతో ఆ నంబర్లు రాసి పెట్టేవాడు, పొద్దున రాగానే కుర్రాళ్ళు చూసి కోసేవాళ్ళు. ఎవరి ఇంటికో కూడా తెలిసేది కాదు. ప్రైవేటు పనులొచ్చాక ఆ గోడ మీద ఇంటి ఓనర్ల పేర్లు రావడం మొదలైంది. వాస్తుకి తగ్గించిన కిటికీలు నేను చేసినవాటిలో చాలానే ఉన్నాయి, ఆ మాట నన్నడక్కండి.

---

పద్మారావునగర్_మూడో_అంతస్తు:

అందరికీ థాంక్స్. మా బావమరిదిని పిలిచి లోపలి రెక్క ఎత్తాం. బాలానగర్ గారూ, గాడిలో ప్రింటు నిజంగానే ఉంది! సగం సిమెంటు కింద ఉంది, గీకితే కంపెనీ పేరు బయటపడింది. వాళ్ళకి ఫోన్ చేస్తే చర్లపల్లిలో ఒకాయన నంబరిచ్చారు. "మొత్తం మార్చేద్దాం" అని ఈయన అనలేదు, రెండు చక్రాలు వేసి ఇస్తానన్నాడు. కంపెనీ పేర్లు, ధరలు ఇక్కడ పెట్టను, ఎవరి సిస్టం వాళ్ళు చూసుకోవాలి కదా.

---

నాచారం_పునాదిలో_ఉన్నాం:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది ఇప్పుడు ఇటుక పని నడుస్తోంది, జీ ప్లస్ వన్. ఇదంతా చదివాక కిటికీ సైజులు ఎలా పెట్టుకోవాలో చెప్పండి బాలానగర్ అన్నా. గ్రానైట్ ముందా ఫ్రేము ముందా అని మా ఇంట్లో గొడవ కూడా నడుస్తోంది.

---

బాలానగర్_ఫ్రేములు:

మంచి టైములో అడిగారు. ఇంటి మొత్తానికి రెండే ఎత్తులు, మూడు వెడల్పులు పెట్టుకోండి. బాత్రూం వెంటిలేటర్లు వేరే లెక్క. అంటే ఆరు సైజులు. ఆర్కిటెక్టు ఎలివేషన్ (ఇంటి ముందు వైపు అందం) కోసం ఏడో సైజు గీస్తాడు, ఒప్పుకోకండి. ప్రతి సైజుకీ ఒక ఇనప డమ్మీ చట్రం వెల్డింగ్ చేయించి మేస్త్రీ చేతికివ్వండి. అది పెట్టి దాని చుట్టూ ఇటుక కట్టి, ప్లాస్టరింగ్ అయ్యాక తీసి పక్క కిటికీకి వాడమనండి. వాళ్ళు దాన్ని నీళ్ళ డ్రమ్ముకి స్టాండుగా వాడకుండా రోజూ ఓ కన్నేసి ఉంచండి. డమ్మీ సరిగ్గా వాడితే ఒక గది రెక్క ఇంకో గదికి పడుతుంది, రేపు ఒకటి పగిలినా లెక్క సులువు.

గ్రానైటే ముందు. గ్రానైట్ పడి, కింది పట్టీకి బయటికి కొంచెం వాలు వచ్చిందో లేదో నీళ్ళు పోసి చూసి, అప్పుడు కొలతకి పిలవండి. అంతకుముందు కొలత ఇస్తానన్నవాణ్ణి నమ్మొద్దు. ఫ్రేము బిగించాక కింది గాడిలో నీళ్ళు బయటికి పోయే కన్నాలు ఉన్నాయేమో చూడండి, పెయింటర్లు వాటిని లప్పంతో మూసేస్తారు. ఫ్రేము మీద ఉండే ప్లాస్టిక్ టేపు పెయింటింగ్ అయిన వెంటనే పీకేయించండి. ఎండ తగిలే వైపు నెలల తరబడి వదిలేస్తే అది అతుక్కుపోయి బ్లేడుతో గీకాల్సొస్తుంది.